దుబాయ్ దాకా కనిపించిన గుండె

నేను హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీసే టెక్నీషియన్‌ని. నా చెల్లెలు శ్రావణి ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూ డాక్టర్. మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్ గురించి అది ఫోన్లో గొప్పలు పోతుంటే "నీ బొమ్మ మిషనూ నువ్వూ" అని ఏడిపించేదాన్ని. "ఒక్కసారొచ్చి చూడక్కా" అని పంతం పట్టింది. అందుకే ఈ ప్రయాణం.

పొద్దున్నే కాచిగూడలో రైలెక్కి కామారెడ్డిలో దిగాను. స్టేషన్ నుంచి బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి ఎల్లారెడ్డికి గంటకు పైగా బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. దారంతా వరి పొలాలే. ఆస్పత్రి పేరు చెప్పగానే కండక్టర్, "బస్టాండ్ దాకా ఎందుకక్కా, ముందటి స్టేజీల దిగు, దగ్గరైతది" అన్నాడు.

వెళ్లేసరికి ఐసీయూలో హడావుడి. బీడీలు చుట్టే లక్ష్మవ్వకు ఊపిరాడటం లేదు, బీపీ పడిపోతోంది. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో పెద్ద నిర్ణయాలు ఇక్కడ వీడియో కాల్లోనే తీసుకుంటారు. దుబాయ్‌లో ఉన్న కొడుకు, ఫోన్ పట్టుకున్న తన అక్కతో "పట్నం తీస్కపోండ్రి. పెద్ద మిషిన్ల ఏస్తేనే తెలుస్తది" అంటున్నాడు. అంబులెన్స్ గుమ్మం ముందుకొచ్చేసింది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సబబనిపించింది.

శ్రావణి మాత్రం తన అల్ట్రాసౌండ్ మిషన్ ప్రోబ్‌ను అవ్వ ఛాతీ మీద పెట్టింది. గుండె చుట్టూ నీరు చేరి నొక్కేస్తోంది. వెంటనే తెరను ఫోన్ వైపు తిప్పింది. "తమ్మీ, గిది మీ అమ్మ గుండె. సుట్టూ నల్లగున్నదంత నీరు. గిట్లనే తీస్కపోతే దారిలనే ఆగిపోతది. ఈడనే తీస్త."

కొడుకు ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూశాడు. "తియ్యుండ్రి మేడమ్" అన్నాడు.

తెర చూస్తూనే సూది దించింది. నీరు వస్తున్నకొద్దీ బీపీ ఎక్కింది. మళ్లీ తెర తిప్పి చూపిస్తే గుండె చక్కగా కొట్టుకుంటోంది. "మా అమ్మ గుండెను చూసిన" అంటూ అతను ఏడ్చేశాడు.

నీరెందుకు చేరిందో తేల్చడానికి మర్నాడు అవ్వను కామారెడ్డికి సీటీ కోసం పంపారు. నా పెద్ద యంత్రానికీ పని ఉంది. కాని దాని దాకా మనిషి బతికి రావాలి కదా! శ్రావణి నా చెల్లెలని చెప్పుకోవడానికి ఎంత గర్వంగా ఉందో. ఆ మాట దానికీ చెప్పేశాను, ఇక నెత్తికెక్కి కూర్చుంటుంది.

చిన్న ఊళ్లో మీ వాళ్లకు ప్రాణం మీదికొస్తే, బండి ఎక్కించే ముందు డాక్టర్ని ఒక్కమాట అడగండి: "మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తో ఒకసారి చూస్తారా?"