పరదేశి కాచిన మడుగు

చోడవరం సంతలో పరదేశి అనే అతను పట్టి తెచ్చే రొయ్యలకు మంచి పేరుండేది. వేసవిలో శారదానది ఎండి మడుగులు మిగిలాక, రాళ్ళ సందుల్లో తడిమి చేత్తోనే పట్టేవాడు. ఒంటికన్నా పొడుగు చేతులున్న మగ రొయ్యల కోసమే వెతికేవాడు. ఆడ రొయ్య పెంకు విడిచి మెత్తగా ఉన్నప్పుడు మగది దాన్ని చేతుల మధ్య ఉంచుకుని కాపలా కాస్తుంది. మనిషి చెయ్యి తగిలినా పారిపోదు. అలా దొరికేవే ఎక్కువ.

1955 వేసవిలో అతని భార్య అచ్చియ్యమ్మకు నెలలు నిండాయి. ఒకరోజు రొయ్య ఒలుస్తూ, "ఏటి మావా, సేతులే గాని కండ లేదు" అంది.

"మేతకెల్లకుండా కాపలా కాస్తాది గదే, సిక్కిపోతాది. ఇంకో పెద్దదొస్తే కలబడతాది. ఈలోపు పొట్టిసేతులదొకటి సందులోంచి దూరి ఆడదాని కాడికెల్లిపోతాది" అని పరదేశి నవ్వాడు.

"అయినా కాస్తాది గదా" అంది ఆమె. నవ్వలేదు.

ఆ ఏడు పక్క ఊరి సత్యారావు, పరదేశి ఏటా రొయ్యలు పట్టే మడుగులోనే దిగడం మొదలుపెట్టాడు. పరదేశికి అది తలకొట్టేసినట్టయింది. పొద్దున్నే కర్ర పట్టుకుని గట్టుమీద కూర్చునేవాడు.

"నడుం లాగేస్తంది. ఇయ్యాల ఎల్లకు మావా" అంది అచ్చియ్యమ్మ ఓ ఉదయం.

"నానెల్లకపోతే ఆడు దిగిపోతాడే. బేగి వచ్చేస్తాను."

సత్యారావు రానే వచ్చాడు. మాటామాటా పెరిగి కలబడ్డారు. ఇద్దరూ బురదలో దొర్లారు. ఆ తర్వాత కూడా పరదేశి గట్టు వదల్లేదు. మధ్యాహ్నం దాటాక పొరుగింటి సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఒరే పరదేశీ! ఇంటికెల్లరా! నాను సెరుకుతోటకెల్లి ఇప్పుడే వచ్చేను. అది ఒక్కర్తే అరిసి అరిసి సొమ్మసిల్లిపోయింది!"

అతను వెళ్ళేసరికి, సన్యాసమ్మ పిలిపించిన మంత్రసాని ఆడబిడ్డను పాత చీరముక్కలో చుట్టి గోడవారన పడుకోబెట్టింది. బిడ్డలో ఊపిరి లేదు.

"కాళ్ళు ముందొచ్చేయి బాబూ. పొద్దున్నే కబురెడితే బతికీదేమో" అంది.

పరదేశి మళ్ళీ మడుగులో దిగలేదు. మరుసటి వేసవిలో సత్యారావే ఇంటికొచ్చి, "మడుగు ఇద్దరిదీనురా, రా" అన్నా తల అడ్డంగా ఊపాడు. చెరుకుతోటల్లో కూలికి పోయాడు. అచ్చియ్యమ్మ అతన్ని ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండునని అతనికి ఎన్నోసార్లు అనిపించింది.

మళ్ళీ ఆమెకు నెలలు నిండినప్పుడు పని మానేసి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అప్పుడిలాగ కూకుంటే..." అని ఆమె ఆగిపోయింది.

ఈసారి పుట్టిన చిన్నమ్మి బతికింది. చెరుకుగడ నమిలి పెడుతూ పరదేశి ఒక్కోసారి దానితో అనేవాడు, "నీకో అక్కుండీదే, గుంటా."

ఆ మాట వినబడితే అచ్చియ్యమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది.