అద్దాల బీరువాలో ఇత్తడి బిందె

ఆ రోజు నేను చేసిన తప్పు ఇదీ: ఒక ముసలావిడ నీళ్ళబిందెను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఊరికెళ్ళాను. అదీ కరువు సంవత్సరంలో, ట్యాంకరు వచ్చే రోజున. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత వీలుపడకపోవచ్చు.

ఎనభైల మొదట్లో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే పోయిన ఒక కవిగారి ఇంటిని స్మారక మందిరం చేయాలని బయలుదేరాం. అందుకు పెట్టిన సంఘానికి కార్యదర్శిని నేనే. కవిగారి భార్య నారాయణమ్మవ్వ ఇంకా ఆ ఇంట్లోనే ఉండేది. ఆ చిన్న సంగతి నా ఉత్సాహానికి అడ్డం రాలేదు. ఆమె పడుకునే మంచం చుట్టూ తాడు కట్టి "కవిగారి శయ్య" అన్నాను. చూసేవాళ్ళకు బాగుండదని మట్టికుండలు పెరట్లోకి విసిరేయించాను, ఒక్కటీ బతకలేదు. మిగిలిన ఒకే ఇత్తడి బిందెను పెళ్ళికొడుకులా మెరిసేట్టు తోమించి, "కవిగారి దాహం తీర్చిన బిందె. ముట్టుకోరాదు" అని చీటీ అంటించాను.

"మరి నీళ్ళకేం జేయల్ల అయ్యవారూ?" అంది అవ్వ.

"ప్రారంభోత్సవం కానీ అవ్వా, అన్నీ చూసుకుంటాం!"

ముఖ్య అతిథిని తీసుకురావడానికి కళ్యాణదుర్గం వెళ్ళి తిరిగొచ్చేసరికి ట్యాంకరు వచ్చి పోయింది. మా ఊళ్ళో ట్యాంకరు ముందు వరసలో ఉండేది మనుషులు కాదు, బిందెలు. బిందె లేకపోతే ఆ మనిషి ఊళ్ళో లేనట్టే.

"అద్దం పగలగొట్టకూడదా?" అని పక్కింటి ఓబులేసు మీద విరుచుకుపడ్డాను.

"ముట్టగూడదని రాసింది నువ్వే గదప్పా! అయ్యవారు రాసింది మేం పగలగొడతామా? మా ఇంటామె అవ్వకు చెంబెడు పోసిచ్చినాది. మళ్ళా ట్యాంకరు ఎప్పుడొస్తాదో ఏమో."

ఇంతలో అతిథిగారు చెమట తుడుచుకుంటూ, "అమ్మా, కాసిన్ని మంచినీళ్ళు" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అవ్వ ఆ చెంబు అందించింది. ఆయన సగం తాగి, మిగతా సగంతో మొహం కడుక్కున్నారు. తర్వాత కవిగారి దానగుణం మీద చాలాసేపు మాట్లాడారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

జనం వెళ్ళాక అవ్వ పెదవులు తడుపుకోబోయింది. తడి లేదు.

"మా ఇంటాయన తాగిన నీళ్ళన్నీ మోసింది నేనే గదా నాయనా. బిందెతో పాటు నన్ను గూడా ఆ బీరువాలో పెట్టుంటే సరిపోయేది."

బీరువా తెరిచి, బిందెను సైకిలుకు కట్టుకుని తోటబావికి పరిగెత్తాను. అడుగున బురదనీళ్ళు ఊరేదాకా కూర్చుని తోడుకున్నాను. గుంతల దారిలో సగం ఒలికింది. వానలు పడేదాకా రోజూ బడి వదిలాక నా ఉద్యోగం అదే. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

మొదటి రోజు వాకిట్లో సైకిలు ఆపి, బిందె భుజానికెత్తుకుని గంభీరంగా మొదలుపెట్టాను: "అవ్వా, బతికున్న మనిషి వాడుకునే వస్తువుకు ఈ జన్మలో తాళం వేయనని నీ మీద ఒట్టు..."

"ఒట్లు తర్వాత ఏస్కుందువులే. ముందు బిందె దించప్పా, నీళ్ళు ఒలికిపోతాండాయి!"