తాళం వేసిన ఇంటి జవాబు

అయిజ మిర్చి బస్తాలెక్కిన బస్సులో డ్రైవరు తుమ్మితే, ఆ ఊపుకు బస్సు గద్వాల దాకా ఆగకుండా పోయిందని మా క్లాసులో చెబుతుంటాను. మధ్యాహ్నం పూట డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ ఎక్కించడానికి నాకు వేరే దారి తెలియదు. నా కోతలు వనపర్తిలో టీ కొట్లవాళ్లకు కూడా తెలుసు. ఒక్క కోత మాత్రం నిరుటి దాకా ఎవరికీ తెలియదు. నాకు డాక్టరేట్ తెచ్చింది అదే.

వలస కూలీల మీద నా పరిశోధన. మానవపాడు దగ్గరి ఒక ఊళ్లో, జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ పోయి ప్రశ్నపత్రం నింపాలి. వలస పోయినవాళ్లను అడగడానికి పోతే వాళ్లు ఇంట్లో ఎందుకుంటారు? చర్చి పక్కనున్న చివరి ఇంటికి మూడుసార్లు పోయినా తాళమే. మా గైడు గారు ముందే గట్టిగా చెప్పారు.

"తాళముందని పక్కింటోళ్లను రాసుకొస్తే చెల్లదు. పోయినోళ్ల సంగతి ఉన్నోళ్లకేం ఎరుక? మళ్ల పో."

ఎండ మండిపోతోంది. నాలుగోసారి నేను పోలేదు. అంతకుముందు పక్కింటి అవ్వ చెప్పిన నాలుగు ముక్కలే నా దగ్గరున్నాయి.

"ఆలుమగలు బొంబాయి పోయిండ్రు నాయనా. ఒక్కతే బిడ్డ, అమ్మమ్మ తాన ఇడిసిండ్రు. ఆయన మేస్త్రి. ఎడమ చెయ్యికి చిటికెనవేలు లేదు."

మిగతాది అయిజలో టీ తాగుతూ నేనే నింపాను. 'ఊళ్లోనే పని దొరికితే ఏం చేస్తారు?' అన్నది ఆఖరి ప్రశ్న. ఆ మేస్త్రి నోట ఒక మాట పెట్టాను: "రోజు నా బిడ్డ చెయ్యి పట్టుకొని బడికి తోల్కపోత."

థీసిస్ మొదటి పేజీలో అదే మాట, దాని కింద 'చిటికెనవేలు లేని మేస్త్రి' అని ఊరి పేరుతో సహా. వైవా నాడు అది చదివి ఎగ్జామినర్ కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాగర్‌కర్నూల్ సదస్సులో చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా అవన్నీ అందుకున్నాను.

నిరుడు రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకు వచ్చింది. చేతిలో లైబ్రరీ నుంచి తెచ్చిన నా థీసిస్.

"సార్, గీ చిటికెనవేలు లేని మేస్త్రి మా నాయన."

కుర్చీ చూపించాను. కూర్చోలేదు. తనకు నాలుగేళ్లప్పుడు ఆయన బొంబాయిలో, కడుతున్న మేడ మీదినుంచి పడి చనిపోయాడని చెప్పింది.

"ఆయన మాట ఒక్కటి గూడ నాకు యాదికి లేదు సార్. గిదొక్కటే దొరికింది. నోటుబుక్కుల రాసుకపోయి మా అమ్మకు చదివిన. ఇంగ రోజు చదవమంటది. ఆ యేడు పీర్ల పండుగకు ఆయనొక్కడే ఊరికొచ్చి పోయిండంట. అప్పుడే సార్‌కు చెప్పుంటడు అంటది. జర చెప్పుండ్రి సార్, నవ్వుకుంట చెప్పిండా, ఏడ్సుకుంట చెప్పిండా?"

పండుగ డప్పులు, ఆయన గొంతు, చేత్తో తుడుచుకున్న కన్ను, అన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. ఎట్లాగో మింగాను.

"నేను మీ నాయనను చూడలేదు బిడ్డా. ఇంటికి తాళముండె. ఆ మాట నేను రాసిందే."

ఆమె పకపకా నవ్వింది. "మళ్ల మొదలువెట్టిండ్రా సార్! గిది క్లాసు కాదు."

నేను నవ్వలేదు. కాసేపు నా ముఖంలోకి చూసింది.

"నిజంగనా?"

"నిజం."

పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద దుమ్మును చున్నీ కొంగుతో తుడిచింది, ఎందుకో.

"మా అమ్మకు ఏం చెప్పాలె సార్?"

"నేనే వచ్చి చెప్త. తప్పు నాది."

"వద్దు సార్. మీరొస్తే ఆ మాట మీ నోటితోని మళ్లొకసారి చెప్పమంటది."

థీసిస్ అక్కడే వదిలి వెళ్లిపోయింది. క్లాసుకు ఇప్పటికీ వస్తుంది, పేరు పిలిస్తే పలుకుతుంది. ఆ నోటుబుక్కు ఇంకా చదువుతోందో మానేసిందో అడగడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.