పడవవాడి పెదవులు

ఆ సినిమాను మా నాన్నకు, అదే బాపుకు, చూపించాలని పట్టుబట్టింది నేనే కాబట్టి, ఆ రోజు జరిగినదానికి ఎవరినీ ఏమీ అనడానికి లేదు. అయినా అంటాను. నా డైరీలో ఆ రోజు పేజీ నిండా అదే ఉంది.

అది తెలుగులోకి డబ్బింగ్ చేసిన విదేశీ సినిమా. దీపాలు వెలిగించే ఒక అమ్మాయి నీడను మంత్రగత్తె దొంగిలిస్తుంది. నీడ పోయినవాళ్లు ఎవరైనా రోజురోజుకూ పలచబడి చివరికి మాయమైపోతారు. ఆ నీడను వెతుక్కుంటూ ఆమె ఒక పడవవాడితో కలిసి సముద్రాలు దాటుతుంది. మాట్లాడే కొండ, గాజు అడవి, కళ్లు మూసుకుంటేనే కనిపించే వంతెన, అన్నీ ఉంటాయి. చదువుకున్నదానివి, ఇలాంటివి చూస్తావా అంటుంది మా అమ్మ. చూస్తాను. పెద్ద పెద్ద నవలలు చదివి తప్పులు పట్టే నేనే, ఆ పడవవాడు తెడ్డు పక్కన పెట్టి ఆమె వైపు తిరగగానే దిండును గట్టిగా పట్టుకుంటాను.

ఈ రుచి నాకు అంటించింది బాపే. మరాఠీ ఊళ్లో స్థిరపడిన తెలుగు నేతవాళ్లం, మా ఇల్లు కుంఠా నాకా దగ్గర. ముందు గది మాది, వెనక షెడ్డు సాంచాలది. కరెంటు మగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో పనిచేసేవాళ్లు గొంతు వాడరు. పెదవులు బాగా కదిలించి, చేతులు తిప్పి చెబుతారు, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. చిన్నప్పుడు నన్ను నూలు బస్తా మీద కూర్చోబెట్టి, ఒక కన్ను నేస్తున్న టవల్ మీద ఉంచి, బాపు నాకు రాజకుమారి కథలు చెప్పింది అలాగే. రాక్షసుడికి చేతులు బార్లా చాపేవాడు, చిలుకకు వేళ్లు దగ్గరగా ముడిచేవాడు. ఆ మోతలో ఒక్క మాటా వినపడలేదు, ఒక్క మాటా నేను పోగొట్టుకోలేదు.

ఇప్పుడు బాపు చెవులు బాగా మందగించాయి. సాంచాలు ఆగినా ఆ మోత ఆగదంటాడు. టీవీ ముందు కూర్చుంటే నటుల పెదవులే చూస్తాడు. అందకపోతే లేచి వెళ్లి, ఆగి ఉన్న సాంచా దగ్గర కూర్చుంటాడు. ఇక్కడ నేనూ అమ్మా నవ్వుతుంటే అక్కడ ఆయన ఒక్కడే నూనె డబ్బా తుడుస్తుంటాడు. ఈ ఒక్క సినిమా అయినా ఆయన నాతో కూర్చుని చివరిదాకా చూడాలి. అంతకన్నా నేనేమీ కోరలేదు.

సాంచాలకు సెలవు రోజు చూసి సినిమా పెట్టాను. సరిగ్గా ఆ రోజే బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి మా మేనత్త దిగింది, బీడీలు చుట్టే చాటతో సహా. ఆమె బాపుకు అక్క. చుట్టడమూ ఆపదు, అడగడమూ ఆపదు.

“ఈ పడవ పిల్లగాడు ఎవరోళ్లు?”

“అది సినిమాల చెప్పరు అత్తా.”

“ఇంటిపేరు తెల్వనోనితోని సముద్రం దాటుడేంది? మా దిక్కు అయితే కొంతం చౌక్ గూడ దాటనియ్యరు.”

అమ్మ కిసుక్కున నవ్వింది. నేను టీవీ సౌండు పెంచాను.

బాపు నిటారుగా కూర్చుని శ్రద్ధగానే చూస్తున్నాడు. కాసేపటికి ఆయన ముఖం ముడుచుకుంది.

“వీడు మంచోడు కాదు,” అన్నాడు.

“ఎవరు బాపూ?”

“పడవోడు. నోరు ఒక తీరు కదుల్తది, మాట ఒక తీరుగ వస్తది. నోరు మూసినంక గూడ మాటొస్తున్నది. అసొంటోన్ని నమ్మొద్దు.”

“వాడు వాళ్ల భాషల మాట్లాడిండు బాపూ. మనోళ్లు తర్వాత తెలుగు మాటలు పెట్టిండ్రు.”

“అయితే ఆ తెలుగు మాట్లాడినోడేడి? వాన్ని చూపెట్టుమను.”

“వాడు కనపడడు.”

“దాసుకున్నడన్నట్టు.”

“బరోబర్ ఆహే,” అని మరాఠీలో తమ్ముణ్ని సమర్థించింది అత్త, ఆకు మడుస్తూ. “పిల్లకు నీడ లేదు, పిల్లగానికి సొంత మాట లేదు. మంచి జోడే.”

నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. మంత్రగత్తె మీద మాత్రం బాపుకు ఎక్కడలేని గౌరవం కలిగింది. ఆమె ముఖానికి ముసుగు వేసుకుని మాట్లాడుతుంది, పెదవులు కనపడవు, కాబట్టి అబద్ధమూ కనపడదు. “ఈమె సాఫ్ మనిషి,” అన్నాడు.

గాజు అడవి దాటేసరికి బాపు మోకాళ్ల మీద చేతులు పెట్టాడు. లేవబోయే ముందు అలాగే పెడతాడు.

“ఇంక కొంచమే ఉంది బాపూ, కూసో.”

“ఏంది?”

“కూసో అన్న.”

“వాడు నోరు కదిపి మాట చెప్పడు, నువ్వు మాట చెప్పి నోరు కదపవు. నేనెవర్ని చూడాలె బిడ్డా?”

నాది అదే జబ్బు. పెదవులు కదలకుండా మాట్లాడతాను. కాలేజీలో హాజరు పలికినా పిలిచినవాళ్లు మళ్లీ పిలిచేవారు. ఇంట్లో బాపుకు అందరికన్నా తక్కువ అందేది నా మాటేనని నాకు తెలుసు. ఆయన నోటితో అనడం మాత్రం అదే మొదలు.

రిమోట్ తీసుకుని సౌండు పూర్తిగా తీసేశాను. వెళ్లి టీవీ పక్కన నిలబడ్డాను. “ఏం జేస్తున్నవే?” అంది అమ్మ. ఉన్న ధైర్యం కాస్తా పోకముందే మొదలుపెట్టాను.

సినిమాలో ఎవరు నోరు తెరిచినా ఆ మాట నేను చెప్పాను, షెడ్డులో చెప్పినట్టు, గొంతు లేకుండా, పెదవులు సాగదీసి, చేతులు తిప్పి. మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. కొండ మాట్లాడితే కొండనయ్యాను. అంతవరకూ పరవాలేదు. తర్వాత పడవవాడు తెడ్డు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. ఆ సీను నేను అమ్మ ఉన్నప్పుడు కూడా పెట్టను. అలాంటిది ఇప్పుడు కన్నతండ్రి ముఖంలోకి చూస్తూ, మేనత్త ముందు, ‘నువ్వు లేకపోతే నేను ఏ ఒడ్డుకు పడవ నడపాలి’ అని పెదవులు గుండ్రంగా తిప్పి చెప్పాలి. చెవులు కాలిపోయాయి. చెప్పాను.

“వారెవా,” అంది అత్త, ఆమె కూడా సాంచాల మధ్య పెరిగిందే, పెదవులు చదవగలదు. చుట్టిన బీడీకి దారం కట్టడం మరిచిపోయి చూస్తోంది. “ఇసొంటి మాటలు ఎవరు నేర్పిన్రే నీకు? ఓ తమ్మీ, పిల్లకు జర జల్ది సంబంధం చూడు.”

బాపు చెయ్యెత్తి ఆమెను ఆపాడు. “థాంబ్ అక్కా. చెప్పనియ్యి.”

చివర్లో మంత్రగత్తె ఓడిపోతుంది కానీ నీడ దొరకదు, ఆమె దాన్ని ఎప్పుడో కాల్చేసింది. అప్పుడు పడవవాడు ఇసుక మీద పడిన తన నీడను నిలువునా చీల్చి, సగం ఆ అమ్మాయి పాదాలకు అతికిస్తాడు. అక్కడ ఎవరూ మాట్లాడరు. చెప్పడానికి ఏమీ లేక నేనూ నోరు మూసుకుని నిలబడ్డాను. సినిమా అయిపోయింది.

బాపు లేవలేదు. గెలిచాననుకున్నాను.

“ఏమైంది మరి?” అన్నాడు.

“ఏది ఏమైంది?”

“పిల్లకు నీడ దొరికెనా లేదా? ఆఖరికి నువ్వు నోరు మూసుకుంటివి.”

“టీవీల చూడలేదా?”

“నీ నోరు చూసుడా, టీవీ చూసుడా?”

అంతసేపూ ఆయన తెర వైపు చూడనే లేదు. రిమోట్‌ను మంచం మీదకు గిరాటేశాను. మళ్లీ నేనే తీసుకుని ఆఖరి సీను వెనక్కి తిప్పాను. “నన్ను చూడకు, తెర చూడు,” అని పెదవులతో చెప్పాను. చూశాడు. లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఇక జన్మలో ఎవరికీ ఏదీ చూపించనని డైరీలో రాసుకున్నాను.

మర్నాడు పొద్దున టీ తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. సాంచాలన్నీ మోత మోగిస్తున్నాయి. పక్క సాంచా నడిపే పెద్దాయనకు బాపు ఏదో చెబుతున్నాడు. చేతులు బార్లా చాపాడు, అది సముద్రం. తర్వాత తెడ్డు వేశాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నిన్నటి అబద్ధాలకోరు పడవవాడు ఈయన కథలో బంగారంలాంటి మనిషైపోయాడు. ఆఖరున బాపు వంగి, నేల మీది నీడను రెండు చేతులతో ఎత్తి, మొత్తంగా తెచ్చి ఆ పెద్దాయన పాదాల దగ్గర పరిచాడు. పెద్దాయన తృప్తిగా తల ఊపాడు.

మొత్తం ఇచ్చేస్తే వాడు మాయమైపోడా? వెనక్కి తిప్పి మరీ చూపించిన సీను అది. టీ గ్లాసులు కింద పెట్టి, ఆ పరాయి మనిషి ఎదుటే బాపు భుజం పట్టి నా వైపు తిప్పుకున్నాను. ఎన్నడూ తెరవనంత నోరు తెరిచాను.

“సగం,” అన్నాను, అరచేతిని కత్తిలా నిలువుగా దించుతూ. “సగమే ఇచ్చిండు.”

బాపు నా నోటి వైపు చూశాడు. తప్పు దిద్దుకోలేదు. పెద్దాయనకు నన్ను చూపించి, పక్కకు జరిగాడు.

“అయితే నువ్వే చెప్పు,” అన్నాయి ఆయన పెదవులు. “మొదటి నుంచి.”

టీ చల్లారిపోతోంది. పెద్దాయన అప్పటికే కళ్లద్దాలు సరిచేసుకుని నా నోటి వైపు చూస్తున్నాడు.