డాక్టరమ్మ చెప్పిన మాట

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో ఉండిపోయింది. మింగలేక, కక్కలేక మోస్తున్నాను. నా కొడుకు "అమ్మా" అని పిలిచినప్పుడల్లా అడ్డం పడుతుంది. నువ్వెవరో నాకు తెలియదు. నా పేరు నీకు చెప్పను. విను, చాలు.

వాడు నేను కన్న బిడ్డ కాదు. మా తోడికోడలు కన్నది. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మాది ఆళ్లగడ్డ, జొన్నా పత్తీ పండించే ఇల్లు. నాకు పెళ్లయి చాన్నాళ్లయినా కడుపు పండలేదు. అక్కకు కొడుకు పుట్టిన రోజు పొయ్యి దగ్గర కూర్చుని, పొగ మీద నెపం పెట్టి ఏడ్చాను. అసూయేనా? అసూయే. ఇంకేం పేరు పెట్టను?

కాన్పయిన కొన్నాళ్లకు అక్కకు నిద్ర కరువైంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునేది. "అమ్మీ, వీణ్ణి నువ్వే ఎత్తుకో. నా చేతులు నాయి కావనిపిస్తాండాది. భయమైతాంది" అనేది. మా అత్త "బాలింత యేషాలు" అని తిట్టేది. నేను మాత్రం బిడ్డను తీసుకుని మేకపాలు పట్టేదాన్ని. ఆమె భయం నాకు పండగైంది. ఛీ! చెబుతుంటేనే సిగ్గేస్తోంది.

చివరికి అక్క మొగుడు, మా బావ, మమ్మల్నిద్దర్నీ బస్సులో నంద్యాలకు తీసుకుపోయాడు. కాన్పుల డాక్టరమ్మ గదిలోకి మగవాళ్లు అడుగు పెట్టరు. ఆడవాళ్ల జబ్బు ఆడవాళ్లే విని బయటికొచ్చి చెప్పాలి, మా వైపు అంతే. బావ మెట్ల దగ్గరే నిలబడ్డాడు. డాక్టరమ్మ అక్కతో చాలాసేపు మాట్లాడి నావైపు తిరిగింది. ఇది గాలీ ధూళీ కాదు, కాన్పు తర్వాత కొందరికి మనసుకొచ్చే జబ్బు అంది. మద్రాసులో దీన్ని చూసే డాక్టర్లున్నారు, ఆలస్యం చెయ్యకుండా తీసుకుపోతే బాగవుతుంది అంది. భర్తను పిలవమంది. ఆయన లోపలికి రాడు, నేనే చెబుతానన్నాను.

బాగైతే బిడ్డను అడుగుతుంది. మెట్లు దిగేటప్పుడు నాలో ఉన్నది ఆ ఒక్క ఆలోచనే. ఏమీ లేదంట బావా, గాలి సోకిందేమో ఇంటి దగ్గరే చూపించుకోమంది అని చెప్పేశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం!

తిరుగు బస్సులో బావ వెనక మగవాళ్లతో కూర్చున్నాడు. అక్క నా కొంగు పట్టుకుంది.

"బాగైతాదనింది గదమ్మీ డాక్టరమ్మ? మద్రాసుకు పోవల్లనింది. నా చెవులతో వింటి."

"యాడనింది? నీకట్ల వినిపించింటాదిలే."

"అనలేదా అమ్మీ?"

"అనలేదక్కా."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు వదిలేసింది. నన్ను నమ్మింది. తనను తాను నమ్మడం ఆ బస్సులోనే మానేసిందేమో.

ఇంటికొచ్చాక వేపమండలు, మిరపకాయల పొగ. ఆ పొగలో ఊపిరాడక ఒకసారి మద్రాసు మాట ఎత్తింది. పిచ్చి ముదిరిందన్నారు. అందరూ నావైపు చూశారు. నేను తల వంచుకున్నాను. గడివేముల నుంచి అక్క పుట్టింటివాళ్లొచ్చి ఆమెను తీసుకుపోయారు. పాలు లేవని బిడ్డను నా దగ్గరే వదిలారు. అక్కడ ఆమె అన్నం మానేసిందట. మరుసటి వానలకు ముందే కబురొచ్చింది. అందరికంటే పెద్దగా ఏడ్చింది నేనే.

మద్రాసుకు పోయుంటే బతికేదా? తెలియదు. కానీ బిడ్డను ఎత్తుకోమంది, భయమంది, పోదామంది. ఒక మనిషి సాయం ఇంకెట్లా అడుగుతుంది?

కన్నతల్లికి ఏమైందని నా కొడుకు అడిగితే, జ్వరమని చెబుతూ వచ్చాను. వాడి ముందు నోరు విప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. నీకు చెప్పుకున్నాను. క్షమించమని అడగను. ఆ హక్కున్న మనిషి లేదు. ఆ బస్సులో చెప్పాల్సిన మాట ఇప్పుడన్నా చెప్పనీ.

అక్కా, నువ్వు విన్నది నిజమే.