సొన పూసుకున్న వేళ్ళు

మొన్న మా అమ్మాయి ఫోను నా ముందు పెట్టి మురిసిపోయింది. మనవరాలు ఆరు నెలలుగా ఆన్‌లైన్‌లో గిటారు నేర్చుకుంటోంది కదా, ఆ నెల ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చిందట. తాళానికి ఇన్ని మార్కులు, స్వరానికి ఇన్ని, పైన మూడు నక్షత్రాలు. నాకూ సంతోషమే వేసింది గానీ, ఆ నక్షత్రాలు చూడగానే మా పెదనాన్న బొటనవేలు గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. ఆ నవ్వెందుకో వినే తీరిక మా అమ్మాయికి లేదు కనుక, నా ఈడువారైన మీకే చెబుతాను.

విస్సన్నపేట రోడ్డు మీద మా మామిడితోట. నేను ఇంటర్ చదివే రోజుల్లో నూజివీడులో ఒక లెక్కల మాస్టారు సాయంత్రాలు గిటారు నేర్పుతారని తెలిసి, రెండు పూటలు అన్నం మానేసి మరీ ఇంట్లో ఒప్పించుకున్నాను. ఉమ్మడి కుటుంబంలో పెదనాన్న మాటే మాట. ఆడపిల్లకు వీణ అయితే అందం, ఈ పెట్టె ఏంటని నాయనమ్మ సణిగినా, ఆయన ఒక గడువు పెట్టి సరేనన్నాడు. తోట పూత మీదుంది, కాయ కోతకొచ్చేనాటికి నాకు విద్య వస్తున్నట్టు కనబడితే సాగుతుంది, లేదంటే మాస్టారు వాడుకోమని ఇచ్చిన ఆ గిటారు ఆయనింటికే వెళ్ళిపోతుంది.

మరి వస్తోందో లేదో తేల్చేదెవరు? పెదనాన్నకు సంగీతం గుండుసున్నా, భజనలో చిడతలు కూడా తప్పే వేసేవాడు. మాస్టారేమో అడిగినప్పుడల్లా ఇంకా చెయ్యి తిరగాలండీ అని తప్పించుకునేవారు. కాకపోతే ఒకసారి మాటల్లో, సాధన చేసేవాళ్ళకు తీగలు నొక్కీ నొక్కీ ఎడమచేతి వేళ్ళ కొనలు కాయలు కాస్తాయని చెప్పారు. అంతే, పెదనాన్నకు కొలత దొరికిపోయింది. కాయను ముట్టుకుని అదను చెప్పడంలో ఆయన్ను మించినవాడు మైలవరం దాకా లేడు. ప్రతి ఆదివారం కాఫీ అవగానే నన్ను పిలిచి, నాలుగు వేళ్ళ కొనలూ బొటనవేలితో నొక్కి చూసి ఊఁ అనేవాడు. ఆ ఊఁ కోసం వారమంతా వాయించేదాన్ని.

ఇంతలో మా మేనత్త కూతురు వచ్చి పదిహేను రోజులుంది. కబుర్లు, పేకాట, పగలంతా నిద్ర. పెదనాన్న కోత బేరాల మీద తిరుగుతూ ఆ రెండు ఆదివారాలూ నా వేళ్ళ సంగతి ఎత్తలేదు. అది వెళ్ళాక చూసుకుంటే గట్టిపడ్డ పొర కాస్తా ఊడిపోయి, నా వేళ్ళు పసిపిల్ల వేళ్ళలా ఉన్నాయి. ఎల్లుండే కోత.

మామిడి సొన పడితే చర్మం కాలి, నల్లబడి, పెళుసుగా గట్టిపడుతుందని తోటల్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. బావి దగ్గరి చిన్నరసం చెట్టు కాయ ఒకటి తుంచి, తొడిమ దగ్గర చిమ్మిన సొనను నాలుగు వేళ్ళకూ పట్టించాను. రాత్రంతా మంట. కోత రోజుకు వేళ్ళు నల్లగా, గట్టిగా తయారయ్యాయి, నా తెలివికి నేనే పొంగిపోయాను. తాతకు దగ్గులు నేర్పుతున్నానని మాత్రం తట్టలేదు.

ఆ పొద్దున పెదనాన్న నా చెయ్యి అందుకున్నాడు గానీ నొక్కలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, “బావి కాడ చిన్నరసమా?” అన్నాడు. నేను భోరుమన్నాను. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళి కొబ్బరినూనె తెచ్చి రాసింది. గిటారు పోయినట్టేనని ఏడుస్తుంటే, ఆయన నులకమంచం మీద కూర్చుని, “ఏదీ, వాయించు” అన్నాడు.

మండే వేళ్ళతోనే వాయించాను. మాస్టారు నేర్పిన చిన్న వరస అది, సగంలో ఒకచోట తీగ సరిగ్గా అణగక గరగరమంది. ఆగి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే. నామీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఆరోసారికో ఏడోసారికో ఎలాగో ఆ చోటు దాటి చివరికంటా వచ్చాను. పెదనాన్న కండువా దులుపుకుని లేస్తూ పెద్దమ్మతో అన్నాడు:

“పూతప్పుడు ఏం వాయించినా మొహం వెలిగిపోయేది దీనికి. ఇప్పుడు చూశావా, తప్పు పడ్డ చోటల్లా మాడిపోతంది. మనకి తెలవకపోయినా దానికి తెలుస్తంది. వస్తదిలే, ఉండనీ.”

ఆ రోజు తోటలో నా కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు. ఆ కోత కాలమంతా కూలీలు నన్ను సొనపాప అని ఏడిపించినా బాధే అనిపించలేదు. తర్వాత స్కూల్లో టీచరునై పాతికేళ్ళు పిల్లలకు గిటారు నేర్పినప్పుడు, కొత్తగా చేరినవాళ్ళ వేళ్ళకన్నా మొహాలే ఎక్కువ చూసేదాన్ని. తప్పు దొర్లి ఏ పిల్ల మొహమైనా చిన్నబోతే, నాకు లోపల ఎంత సంతోషంగా ఉండేదో.

ఇప్పుడు గిటారు కోసం ఎవరూ అన్నం మానేయక్కర్లేదు, మా నూజివీడు బస్సుల్లో భుజానికి గిటారు తగిలించుకున్న పిల్లలు కనబడితే కళ్ళు చల్లబడతాయి. కానీ కోత మొదలయ్యే పొద్దున అరగంటంటే ఎంతో తోటలున్నవాళ్ళకు తెలుసు. ఆ రోజు గుమ్మం ముందు లారీ హారన్ కొడుతోంది, కూలీలు నిలబడి ఉన్నారు, పైన ఎండ ఎక్కుతోంది. ఆ అరగంటా పెదనాన్న నా ఎదురుగా కూర్చుని, తనకు ఒక్క ముక్క తెలియని సంగీతం విన్నాడు. గిటారు దక్కిన సంబరంలో ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మొన్న తట్టింది. మా అమ్మాయీ నేనూ తలలు ఆనించి ఫోనులో ఆ రిపోర్టు చూసుకుంటున్నంతసేపూ, పిల్ల పక్క గదిలో ఒక్కతే కూర్చుని వాయిస్తూనే ఉంది.