కోరుట్ల రోడ్డు మీద చూసిన తలలు

నన్ను పెథాలజిస్టుగా జగిత్యాలకు బదిలీ చేసింది 2011లో, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజుల్లో. పెథాలజిస్టు అంటే రోగిని చూడని డాక్టరు. సర్జన్ కోసిన ముక్క ఫార్మలిన్ సీసాలో మా ల్యాబ్‌కు వస్తుంది. దాన్ని మైనంలో గట్టిపరిచి, ఉల్లిపొరకన్నా పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాస్తాం. పేరు, వయసు, ముక్క ఒంట్లో ఎక్కడిది, ఇంతే మాకు తెలిసేది.

వానాకాలం చివర ఒక సీసా వచ్చింది. "లచ్చవ్వ, యాభై ఏళ్లు, తల, కొవ్వు గడ్డ" అని రాసి ఉంది. స్లైడు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కొవ్వు గడ్డ కాదు. పగిలిన కుండ పెంకులను ఒకదానికొకటి ఆనించి పేర్చినట్టున్నాయి కణాల గుంపులు. సిలిండ్రోమా!

చర్మంలో వెంట్రుక కుదుళ్లు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి పుట్టే గడ్డలను అడ్నెక్సల్ ట్యూమర్లు అంటాం. అవి అరుదు. మా ల్యాబ్‌కు వచ్చే చర్మం ముక్కల్లో పులిపిర్లు, కొవ్వు గడ్డలు, మానని పుండ్లే ఎక్కువ. అడ్నెక్సల్ గడ్డలు ఏడాదికి వేళ్లమీద లెక్కపెట్టేన్ని వస్తే గొప్ప. వాటిలో ఒకటైన సిలిండ్రోమానైతే అప్పటిదాకా పుస్తకంలోనే చూశాను. పట్టలేని సంతోషంతో మా టెక్నీషియన్ రాజేశాన్ని పిలిచి చూపించాను. "మంచిగున్నది మేడం, ముగ్గేసినట్టు" అన్నాడు.

అది ఒక్కటే ఉంటే ఏదో అలా వచ్చిందనుకోవచ్చు. చాలా ఉంటే వంశంలో ఉందేమో చూడాలి. పదహారో క్రోమోజోము మీద సి.వై.ఎల్.డి. అనే జన్యువు ఉంటుంది. కణాలు అదుపు తప్పకుండా చూడటం దాని పని. అది దెబ్బతిన్న కుటుంబాల్లో తల మీద, ముక్కు చుట్టూ గడ్డలు లేస్తాయి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం. చాలావరకు ప్రాణం మీదికి తేవు. కానీ ఏళ్ల తరబడి ఊరకే ఉన్న గడ్డ హఠాత్తుగా పెరిగినా, పుండుపడినా క్యాన్సర్‌గా మారిందేమోనని అనుమానించాలి.

సర్జన్ గారిని అడిగితే, గడ్డలు చాలా ఉన్నాయనీ, పెద్దదొకటి తీశాననీ చెప్పారు. కుట్లు విప్పించుకోవాల్సిన రోజున లచ్చవ్వ రాలేదు. బస్సులు బంద్. రాజేశానిది ఆమె పక్క ఊరే.

"గామె రేపు కోరుట్ల రోడ్డు మీద వంటా వార్పుల ఉంటది మేడం. బీడీలు చేసేటోళ్లంత అస్తున్నరు" అన్నాడు.

రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినే నిరసన అది. మర్నాడు ఆదివారం. రాజేశం బండి వెనక కూర్చుని బయలుదేరాను. ల్యాబ్ డాక్టరు రోగిని వెతుక్కుంటూ పోవడం! దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

డప్పులు, పాటలు, పొగ. లచ్చవ్వ పొయ్యిలకు దూరంగా, నెత్తిన కొంగు కప్పుకుని కూర్చుంది. నేనెవరో చెప్పగానే కొంగు ఇంకా ముందుకు లాక్కుంది.

"మాది పాము శాపం డాక్టరమ్మా. మా తాత పామును చంపిండట. గియి అంటుకుంటయని నన్ను గంటె ముట్టనియ్యరు."

శాపం కాదనీ, అంటుకునేది అసలే కాదనీ చెప్పి, ఇంకెవరికి ఉన్నాయని అడిగాను.

"ఎవలకు లెవ్వు? మా బాపుకుండె. సిరిసిల్లల ఉన్న నా బిడ్డకు ముక్కుకాడ లేస్తున్నయి. గీ మా అన్నకున్నయి. వెల్గటూర్ నుంచి అచ్చి, బస్సులు లేక వారం సంది మా ఇంట్లనే ఉన్నడు."

ఒక కరపత్రం వెనక వంశవృక్షం గీశాను. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, గడ్డలున్నవారికి నలుపు. పుస్తకంలో చూసిన బొమ్మే నా చేతికింద తయారవుతోంది! అక్కడున్న వాళ్ల బంధువుల తలల్లో పాయలు తీసి చూడటం మొదలుపెట్టాను. మైకు పట్టుకున్న పెద్దమనిషి అది గమనించి, "డాక్టర్ మేడం అచ్చింది! తలకాయలు చూస్తున్నది, లైన్ల నిలవడుండ్రి!" అని చాటాడు.

నిమిషంలో వరుస తయారు. చుండ్రు, పేలు, తామర. ఒక ముసలాయన బట్టతల ముందుకు వంచి, "నాకు మల్ల మొలుస్తయా?" అన్నాడు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులూ టోపీ తీసి వెనకాల నిలబడ్డాడు. నవ్వలేక నాకు పొట్ట నొచ్చింది.

లచ్చవ్వ అన్న మల్లయ్య మాత్రం రుమాలు విప్పలేదు. తనకేమీ లేదన్నాడు.

"ఇప్పు అన్నా! అందరియి చూసింది, నీదొక్కటే బంగారమా?" అంది లచ్చవ్వ.

విప్పాడు. చెవి వెనక నిమ్మకాయంత గడ్డ, పైన పుండు. చిన్నప్పటి నుంచి ఉన్నదేననీ, రెండు నెలలుగా పెరుగుతోందనీ చెప్పాడు. నా నవ్వు ఆగిపోయింది. ఇవాళ వదిలితే ఈ మనిషి మళ్లీ దొరకడు. అప్పుడే దవాఖానాకు రావాలన్నాను. లచ్చవ్వ అతని భుజం మీద చెయ్యి వేసి లేపింది.

బయలుదేరే ముందు మైకు అడిగి తీసుకున్నాను. ఈ గడ్డలు ముట్టుకుంటే రావనీ, ఆమె వండింది తింటే రావనీ చెప్పాను. పొయ్యి దగ్గరి నుంచి ఒకామె, "గట్లయితె గంటె లచ్చవ్వకియ్యుండ్రి! పప్పుల ఉప్పే లేదు!" అని అరిచింది. రోడ్డంతా నవ్వు. లచ్చవ్వ నెత్తి మీది కొంగు తీసి నడుముకు చుట్టింది. ఆమె వడ్డించిన పప్పన్నం నిలబడే తిన్నాను.

తర్వాత ఒకే బండి మీద ముగ్గురం: రాజేశం, మల్లయ్య, చివర నేను. కానిస్టేబుల్ చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఆ వారమే సర్జన్ గారు మల్లయ్య గడ్డను చుట్టూ మంచి చర్మంతో సహా తీశారు. స్లైడులో ఒక మూల క్యాన్సర్ మొదలైనట్టు కనిపించింది. కోసిన అంచుల్లో మాత్రం ఎక్కడా లేదు, అంటే పూర్తిగా వచ్చేసింది. ఆ మాట రిపోర్టులో రాసి, మరోసారి చూసి సంతకం చేశాను. నేనక్కడ పనిచేసినన్నాళ్లూ అతను, లచ్చవ్వ, ఆమె బిడ్డ ఏటా వచ్చి తలలు చూపించుకుని వెళ్లేవారు. అతనికి మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, అడ్నెక్సల్ గడ్డ ఏది వచ్చినా రిపోర్టు అడుగున ఒక వాక్యం చేర్చేదాన్ని: "రోగికి ఇలాంటివి ఇంకా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా అడిగి తెలుసుకోగలరు." అది పెథాలజిస్టు పని కాదని ఒకరిద్దరు సర్జన్లు అన్నారు. నేను తీసెయ్యలేదు. మల్లయ్య ముక్క తనంతట తానుగా ఏ సీసాలోనూ నా దగ్గరికి వచ్చేది కాదు, లచ్చవ్వను అడిగితేనే అతను దొరికాడు.